చదువుచున్ననాడే వర్తకము

విద్య యనగా పుస్తకములలోని సంగతులను కంఠస్థము చేసి పరీక్షాపత్రముమీద దింపుట మాత్రమే యని తలచువారు నేటికిని పలువురు గలరు. వర్తక మనగా చదువు రానివాని కడపటి దారి యని తలచువారును గలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. చదువుకొనుచున్న కాలముననే, చదువునకు భంగము రాకుండ, ఒక చిన్న వ్యాపారమును స్వయముగా నడపి చూచుటవలన విద్యార్థికి గలుగు ప్రయోజనములు పెక్కు. వానిని, వానితోకూడ పొంచియుండు అపాయములను, మన సీమలోని నిదర్శనములతో వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఈ విషయమున మేము చేసిన యొక పొరపాటునుగూడ దాచక చెప్పెదము. మాకు పాఠము నేర్పినది అదియే.

మన హిందూపురము వర్తకమువలన పెరిగిన పట్టణము. మరాఠా సేనాని మురారిరావు తన తండ్రియగు హిందూరావు పేర దీనిని కట్టించెనని చెప్పుదురు. 19వ శతాబ్దపు చివర గుంతకల్లు బెంగుళూరు రైలుమార్గము ఈ యూరిమీదుగా వచ్చిన పిమ్మట ఇచ్చటి సరకు దూరదేశములకు పోవుట సులభమయ్యెను. బెల్లము, చింతపండు, ఎండుమిరపకాయలు, పట్టుగూళ్లు అనువానికి మన యంగడి పేరుపొందినది. దగ్గరనే ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధము. పెనుకొండ సమీపమున ఎర్రమంచియొద్ద 2019లో కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనంతపురము జిల్లానుండి వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇవన్నియు నున్నవి. ఇట్టి చోట పుట్టి పెరిగిన బాలుడు పదేండ్లు పాఠశాలకు వచ్చియు, చింతపండు ధర యేల పెరుగునో, యేల తరుగునో యెఱుగకయే పోవుట విచారకరము కాదా?

మఱియొక సంగతి గలదు. మన సీమలో వాన తక్కువ. వేరుసెనగ పంట ఒక యేడు చేతికి వచ్చిన మఱుయేడు రాకపోవచ్చును. పంట పోయిన యేట ఇంటిల్లిపాదియు బెంగుళూరునకు కూలికి పోవుట, దానితో పిల్లల చదువు తెగుట, మన పాఠశాలలోని ఉపాధ్యాయులందరును చూచుచున్నదే. కాబట్టి ధనము ఎట్లు వచ్చును, ఎట్లు పోవును, అప్పు ఎట్లు పెరుగును అను జ్ఞానము మన పిల్లలకు వినోదము కాదు. అది వారి యింటిని నిలుపు జ్ఞానము.

వర్తక మనగా నేమి?

మొదట మాటయొక్క అర్థమును స్థిరపరచుకొందము. ఒక దుకాణములో కూలికి నిలిచి పొట్లములు కట్టుట వర్తకము కాదు, అది కొలువు. స్వల్పమైన సొంత పెట్టుబడితో సరకు కొని, దానికి తన తెలివియు శ్రమయు జోడించి, పదిమందికి పనికివచ్చునట్లు చేసి, న్యాయమైన ధరకు అమ్మి, లెక్క వ్రాసి, లాభమైనను నష్టమైనను తానే భరించుట వర్తకము. అది అయిదువందల రూపాయలతో నడచినను వర్తకమే. ఆ చిన్నదానిలోనే పెద్ద వ్యాపారములలోని సూత్రములన్నియు ఇమిడియున్నవి.

1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు రామేశ్వరమున ఎనిమిదేండ్ల బాలుడొకడు చింతగింజలు ఏరి, మసీదు వీధిలోని యొక సరకుల దుకాణమున అమ్ముచుండెను. దినమెల్ల ఏరినచో ఒక అణా వచ్చెడిది. ఆ గింజలకు అకస్మాత్తుగా అంత గిరాకి యేల వచ్చెనో తనకు బోధపడలేదని, అతడు పెద్దవాడైన పిదప తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. పిమ్మట వార్తాపత్రికలు పంచిపెట్టుటలోను అతడు తన బంధువునకు తోడ్పడెను. అతడే 2002 మొదలు 2007 వరకు భారత రాష్ట్రపతిగా నుండిన ఏ. పి. జె. అబ్దుల్ కలాము. చింతపండునకు పేరుపొందిన యూరివారమైన మనము ఈ కథను తక్కువగా చూడరాదు. చింతగింజల పిండికి జిగురు గలదు. నూలు దారమునకును జనపనార దారమునకును గంజి పెట్టుటకు దానిని మిల్లులలో వాడుదురు. మన వీధులలో పనికిరాదని ఊడ్చి పారవేయు గింజకును కొనువా డొకడు గలడు. వాని నెఱిగినవాడే వర్తకుడు.

మొదటి ప్రయోజనము: లెక్కకు ప్రాణము వచ్చుట

గణితము కష్టమని యేడ్చు విద్యార్థి తన సొంత సొమ్ము లెక్కించునపుడు తప్పుచేయడు. ఒక యుదాహరణము చూడుడు. ఇద్దరు స్నేహితులు కలిసి వేరుసెనగ యుండలు చేసి అమ్మ దలచిరనుకొందము. కిలో రూ. 140 చొప్పున 2 కిలోల వేరుసెనగ పప్పునకు రూ. 280, కిలో రూ. 60 చొప్పున ఒకటిన్నర కిలో బెల్లమునకు రూ. 90, ఏలకులకును పొట్లముల కాగితమునకును రూ. 50, మొత్తము పెట్టుబడి రూ. 420. సుమారు 130 ఉండలు వచ్చును. ఒక్కొక్కటి రూ. 5 చొప్పున అమ్మినచో రూ. 650. కావున లాభము రూ. 230, అనగా నూటికి దాదాపు 55 అని వారు గంతులు వేయుదురు.

కాని లెక్క ఇంకను ముగియలేదు. పది యుండలు విరిగిపోయినవి, లేక రుచి చూచుటకే చెల్లినవి, రూ. 50 పోయినవి. పండ్రెండు ఉండలు స్నేహితులకు అరువిచ్చిరి; వారు "రేపు, రేపు" అనుచు తప్పించుకొనిరి; రూ. 60 పోయినవి. తల్లి వంటయింటి గ్యాసు వాడిరి, దానికి రూ. 30 అయినను కట్టవలెను. ఇప్పుడు మిగిలినది రూ. 90 మాత్రమే. నిజమైన వ్యయము రూ. 450 గనుక లాభము నూటికి 20. ఇద్దరును మూడేసి గంటలు పనిచేసిరి గనుక గంటకు ఒక్కొక్కనికి దక్కినది రూ. 15. తల్లి చేసిన సాయమునకు వెల కట్టనే లేదు.

ఈ యొక్క లెక్కలో కొన్నవెల, అమ్మినవెల, తరుగు, మొండిబాకీ, దాగిన వ్యయము, శ్రమవిలువ అను ఆరు పాఠములు గలవు. నల్లబల్లమీద ఆరు దినములు చెప్పినను మనస్సున నాటని సంగతి ఒక సాయంకాలమున నాటుకొనును.

వడ్డీ సంగతియు నంతే. మన పల్లెలలో "నూటికి మూడు రూపాయలు" అనగా అది నెలకు అని అందరును ఎఱుగుదురు. కాని అది సంవత్సరమునకు నూటికి 36 అగునని గుర్తించువారు తక్కువ. ఆ చొప్పున తెచ్చిన రూ. 1,000 ఏడాదికి రూ. 1,360 అగును. నెలనెల వడ్డీ కట్టక అసలులో కలుపుచు పోయినచో ఏడాదికి రూ. 1,426, రెండేండ్లకు రూ. 2,033 అగును. అనగా రెండేండ్లలో అప్పు రెట్టింపగును. తన ఉండల వ్యాపారమున నూటికి 20 సంపాదించుట కెంత కష్టపడెనో యెఱిగిన బాలుడు, నూటికి 36 వడ్డీ కట్టుట యెంత ప్రమాదమో వెంటనే గ్రహించును. అట్టివాడు పెద్దవాడైన పిదప ఆలోచింపక అప్పుపత్రముమీద వ్రేలిముద్ర గాని సంతకము గాని వేయడు.

రెండవ ప్రయోజనము: అంగడి స్వభావము నెఱుగుట

మన పట్టుగూళ్ల మార్కెట్టు మంచి పాఠశాల. పట్టుపురుగు నాలుగుమార్లు కుబుసము విడిచి, సుమారు నాలుగు వారములలో గూడు కట్టును. గూటిలోని పురుగు పది పండ్రెండు దినములలో చిలుకయై గూటిని చీల్చుకొని వెలుపలికి వచ్చును. చీలిన గూటినుండి అఖండమైన దారము రాదు. కావున రైతు "ధర పెరిగినపుడు అమ్మెదను" అని గూళ్లను ఇంట దాచుకొనలేడు. ఆ దినపు వేలములో వచ్చిన ధరకు ఒప్పుకొనవలసినవాడే. చింతపండు రైతు స్థితి వేరు. కాయ కొట్టి గింజ తీసి శీతలగిడ్డంగిలో నుంచినచో అతడు కొన్ని నెలలు నిరీక్షింపగలడు. నిలువ యుండు సరకునకును, నిలువ యుండని సరకునకును గల యీ భేదమును అర్థశాస్త్ర గ్రంథములు పుటలకొలది వివరించును. ఆకుకూరలు పెంచి అమ్మ జూచిన బాలిక మొదటి సాయంకాలముననే, కట్టలు వాడుచుండగా, దీనిని కన్నులార చూచును.

పని నేర్చుట ఒకటి, అంగడి నెఱుగుట మఱియొకటి. దీనికి మన మిషను చరిత్రలోనే నిదర్శనము గలదు. 19వ శతాబ్దమున గోదావరి ప్రాంతమున మిషనరీలు నరసాపురము పరిసరములలోని స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. ఆ పని వేలకొలది యిండ్లకు వ్యాపించెను. అల్లినవారి చేతిపనితనము విదేశములలో మన్నన పొందెను. కాని మారియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున చూపినట్లు, గుమ్మము దాటక అల్లుచుండిన ఆ స్త్రీలకు దక్కినది మిక్కిలి స్వల్పమైన కూలి. లాభము ఎగుమతి వర్తకులది. వారికి సూది తెలియును, ధర తెలియదు. కొనువా డెవరో తెలియదు. నేర్పినవారు మంచి మనస్సుతోనే నేర్పిరి. అయినను సగము విద్యయే నేర్పిరని ఒప్పుకొనుట న్యాయము. మన ధర్మవరములోను మగ్గము నెఱిగి అంగడి నెఱుగని నేతగాండ్రు పలువురు గలరు. వారి పిల్లలు మన తరగతులలో కూర్చుండియున్నారు. ఆ పిల్లలకు రెండవ సగమును నేర్పుట మన విధి. బాలికలకు దీని యవసరము బాలురకంటె తక్కువ కాదు, ఎక్కువ.

మూడవ ప్రయోజనము: నష్టమును చిన్నప్పుడే చూచుట

చిన్ననాట ఆటలమ్మ వచ్చిన బాలుడు కొద్దిదినములలో కోలుకొనును. పెద్దవయస్సున వచ్చినచో అదియే మిక్కిలి బాధించును. వ్యాపారములోని నష్టమును అట్టిదే. పదునైదవ యేట నూరు రూపాయలు పోగొట్టుకొన్నవాడు ఒకపూట విచారించి, కారణము వెదకి, దిద్దుకొనును. ముప్పదియైదవ యేట మొదటిసారి నష్టమును చూచువాడు పొలమును, భార్య నగలను పోగొట్టుకొనును. అరువిచ్చుట, ఎక్కువ సరకు కొనుట, పొరుగువానిని చూచి అదే వ్యాపారము పెట్టుట అను మూడు తప్పులును పాఠశాలలో చేసినచో చౌకగా పోవును.

నాలుగవ ప్రయోజనము: నమ్మకము, కలసి పనిచేయుట

నిండుతూకము తూచినవానియొద్దకు జనులు మరల వత్తురు, తగ్గించినవానియొద్దకు రారు. సత్యము మేలని నీతిపాఠమున చదువుట ఒక యెత్తు, తన దుకాణమునకు మరల వచ్చిన కొనుగోలుదారుని ముఖమున దానిని చూచుట ఒక యెత్తు. 1844లో ఇంగ్లాండులోని రోచ్‌డేలు అను ఊరిలో 28 మంది పేదపనివారు తలకొక పౌను చొప్పున కూడబెట్టి, 28 పౌనుల మూలధనముతో చిన్న దుకాణము తెఱచిరి. కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర వంటి సరకులను సరియైన తూకముతో అమ్మి, మిగులును కొన్నవారికే వారి కొనుగోలునుబట్టి పంచిరి. ప్రపంచమంతటను వ్యాపించిన సహకారోద్యమమునకు అది మార్గదర్శియయ్యెను. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ యేటనే మదరాసులో తిరువల్లిక్కేణి సహకార సంఘము స్థాపింపబడెను. ఒక తరగతి పిల్లలు తలకు ఇరువది రూపాయలు వేసికొని, నోటుపుస్తకములు, పెన్సిళ్లు టోకున కొని, తమలో తామే అమ్ముకొని, సంవత్సరాంతమున మిగులును పంచుకొన్నచో, అది రోచ్‌డేలు దుకాణమునకు పిల్లయే యగును.

ఇతర చోట్ల జరిగినది

ఈ యాలోచన క్రొత్తది కాదు. 1919లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జూనియర్ అచీవ్‌మెంట్ అను సంస్థ పుట్టెను. విద్యార్థులు తామే వాటాలు అమ్మి, చిన్న కంపెనీ పెట్టి, వస్తువులు చేసి అమ్మి, కడపట లెక్క తేల్చి దానిని మూసివేయుట అందలి పద్ధతి. 1937 అక్టోబరులో వార్ధా సభయందు గాంధీమహాత్ముడు, చదువు చేతిపని మూలముగా సాగవలెననియు, ఆ పనివలన వచ్చు రాబడి పాఠశాలకు ఆధారము కావలెననియు సూచించెను. 2021లో ఢిల్లీ ప్రభుత్వము తన పాఠశాలల పై తరగతుల విద్యార్థులకు తలకు రూ. 2,000 మూలధనమిచ్చి, జట్లుగా చిన్న వ్యాపారములు నడపింపజేసెను.

ఫలితములు ఎల్లప్పుడును మనము కోరినట్లుండవని కూడ చెప్పవలెను. హాలండు దేశమున ఒక కళాశాలలో ఇట్టి విద్యార్థి కంపెనీల కార్యక్రమమును పరీక్షించి, 2010లో ఆర్థికవేత్తలు ప్రకటించిన పరిశోధనలో, దానిలో చేరిన పిమ్మట వ్యాపారము పెట్టవలెనను కోరిక విద్యార్థులలో పెరుగుటకు మారుగా తగ్గెనని తేలినది. దీనిని చూచి కొందరు నవ్వుదురు. మాకు మాత్రము ఇది మంచి ఫలితముగానే తోచుచున్నది. తనకు తగని పనిని ముందుగానే తగదని తెలిసికొనుటయు ఒక లాభమే కదా.

చదువు, వర్తకము ఒకదానికొకటి శత్రువులు కావనుటకు మన తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చాలును. ఆయన మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివినవారు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి, జనులకు దాని గుణమును తెలియజేసిరి. ఆ వ్యాపారమున వచ్చిన ధనముతో 1908లో ఆంధ్రపత్రికను నెలకొల్పి, గ్రంథప్రచురణము చేసి, తెలుగు భాషకు మహోపకారము చేసిరి. వేదగ్రంథమునుబట్టి చూచినను, గమలీయేలు అను గొప్ప గురువునొద్ద ధర్మశాస్త్రము చదివిన పౌలు, కొరింథులో డేరాలు కుట్టి తన పోషణము తాను చూచుకొనెను. చదివినవాని చేతికి పని తప్పుకాదని ఆ కాలపు పెద్దలు ఎఱిగియుండిరి.

మా పొరపాటు

ఇక అపాయముల సంగతి. కొన్నియేండ్లక్రిందట తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెను. తండ్రి కూలివాడు. ఈ బాలుడు సాయంకాలములయందు కలములు, కాగితములు, జ్యామితి పెట్టెలు టోకున తెచ్చి తోటివారికి అమ్ముచు, నెలకు కొంత సొమ్ము ఇంటికి ఇచ్చుచుండెను. మేము సంతోషించి, ప్రార్థనసమయమున అందరి యెదుట వానిని నిలువబెట్టి మెచ్చుకొంటిమి. అర్ధసంవత్సర పరీక్షలైన పిదప వాడు బడికి రాలేదు. వారి యింటికి పోయి విచారింపగా, బస్సులు నిలుచు చోట చిన్న బల్ల వేసికొని సరకు అమ్ముచున్నాడని తెలిసినది. తండ్రి మమ్ము చూచి చేతులు జోడించి, "అయ్యవారూ, మీరే గదా పదిమంది ముందర వానిని మెచ్చుకొంటిరి. చదివి సంపాదించేది వాడు ఇప్పుడే సంపాదిస్తున్నాడు గదా" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వాని రాబడిని మెచ్చుకొంటిమే గాని, వాని మార్కులు తగ్గుటను మేము చూడలేదు. తప్పు మాది.

రెండేండ్లకు వాడే మాయొద్దకు వచ్చెను. చేతిలో టోకు వ్యాపారి యిచ్చిన ఆంగ్లపు బిల్లు. దానిలో పన్నుపేర ఎంత పట్టిరో, తిరిగి యిచ్చిన సరకునకు ఎంత తగ్గించిరో వానికి తెలియలేదు. "సార్, ఇది చదివి చెప్పండి" అనెను. చదివి చూడగా, తగ్గింపవలసిన సొమ్ము తగ్గింపనేలేదు. ఇట్లు ఎన్ని బిల్లులలో పోయినదో! ఆ దినమున వానితో చాలసేపు మాటలాడితిమి. తరువాత వాడు సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవతరగతి పరీక్షకు కట్టి, రెండవమారు ఉత్తీర్ణుడయ్యెను. బల్లయు మానలేదు. వాడు చెడిపోలేదు, కాని పోయిన రెండేండ్లు మరల రావు.

ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఎల్లాప్రగడ సుబ్బారావు పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కావలెనని ఇల్లు విడిచెననియు, తల్లి వెనుకకు రప్పించెననియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి మూడవమారు గెలిచిన ఆ బాలుడే, పిదప అమెరికాలో ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ మొదలగు మందుల ఆవిష్కారమునకు నాయకుడయ్యెను. ఆ తల్లి పట్టుదల లేనిచో ఎందరి ప్రాణములు పోయెడివో! వ్యాపారమునకై బడి మానిన అమెరికా కోటీశ్వరుల కథలు మన పిల్లలు తఱచు చెప్పుదురు. మైకేల్ డెల్ 1984లో విశ్వవిద్యాలయమున చదువుచు కంప్యూటర్ల వ్యాపారము పెట్టి చదువు మానిన మాట నిజమే. కాని అట్టివారు వేళ్లమీద లెక్కింపదగినవారు. 2018లో అమెరికా ఆర్థికవేత్తలు అసంఖ్యాకములగు సంస్థల లెక్కలు పరిశోధించి, మిక్కిలి వేగముగా పెరిగిన సంస్థలను స్థాపించినవారి సగటు వయస్సు 45 అని తేల్చిరి. కాబట్టి తొందర అక్కరలేదు. పాఠశాలలోని వ్యాపారము ధనము కొఱకు కాదు, అభ్యాసము కొఱకు.

ఎఱుగవలసిన చట్టములు, పాటింపవలసిన నియమములు

1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివాడు ఒప్పందము చేయుటకు అర్హుడు కాడు. కావున విద్యార్థి పేర అప్పు గాని, అద్దె పత్రము గాని వ్రాయరాదు. అవసరమైనచో తల్లిదండ్రులు పెద్దలుగా నిలువవలెను. 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము మైనరును పూర్ణ భాగస్వామిగా ఒప్పుకొనదు. ఇతర భాగస్వాములందరి సమ్మతితో లాభములలో మాత్రము చేర్చుకొనవచ్చును. పదేండ్లు నిండిన పిల్లలు బ్యాంకులో పొదుపుఖాతా తెఱచి, బ్యాంకు నియమములకు లోబడి, తామే నడపుకొనవచ్చును. 1986వ సంవత్సరపు బాలకార్మిక చట్టము, 2016లో సవరింపబడిన ప్రకారము, 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించుచున్నది. బడివేళలు ముగిసిన పిదప, అపాయములేని కుటుంబవృత్తిలో తోడ్పడుట దానికి గల మినహాయింపులలో ఒకటి. తినుబండారములు అమ్ముట యలవాటుగా సాగినచో, 2006వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము ప్రకారము పేరు నమోదు చేయింపవలెను.

ఇక మేము సూచించు నియమములు ఇవి. ఒకటి, పోయినను ఇల్లు కదలని సొమ్మునే పెట్టుబడిగా పెట్టవలెను, అప్పు తేరాదు. రెండు, వారమునకు అయిదారు గంటలకు మించి దానికి వినియోగింపరాదు. పరీక్షలకు నెల ముందు మూసివేయవలెను. మూడు, ప్రతిరాత్రియు జమ, ఖర్చు, నిలువ, రావలసిన బాకీ అను నాలుగింటిని వ్రాయవలెను. ఆ పుస్తకమును నెలకొకసారి తండ్రికి గాని తల్లికి గాని ఉపాధ్యాయునకు గాని చూపవలెను. నాలుగు, ఇద్దరు కలిసినపుడు ఎవరి సొమ్మెంత, ఎవరి పని యేది అనుదానిని కాగితముమీద వ్రాసికొనవలెను. స్నేహము చెడిపోకుండుటకు ఇదియే మందు. అయిదు, పొగాకును, మత్తుపదార్థములను, పందెములను దరిచేరనీయరాదు. ఫోనులో కనబడు "పది దినములలో రెట్టింపు" అను ప్రకటనలు వర్తకములు కావు, వలలు. ఆఱు, మార్కులు తగ్గినచో వ్యాపారమును ఆపవలెను. ఈ చివరి నియమమును ఆనాడు మేము పెట్టియుండినచో, పైన చెప్పిన బాలుని రెండేండ్లు దక్కియుండెడివి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ వంద రూపాయలు సంపాదించి తెచ్చిననాడు, "ఎంత తెచ్చితివి?" అని అడుగుటకు ముందు, "ఎట్లు తెచ్చితివి? లెక్క చూపుము" అని యడుగుడు. ఆ సొమ్మును ఇంటిఖర్చునకు వాడుకొనకుడు. ఒక్కమారు ఇల్లు దానిమీద ఆధారపడినచో, ఆ బిడ్డ బడికి మరల వచ్చుట కష్టము. నష్టము వచ్చిననాడు తిట్టకుడు. నష్టమునకు కారణము అతడే చెప్పునట్లు చేయుడు.

విద్యార్థులారా! మన మార్కెట్టు వీధి మీ పాఠశాలకు దూరము కాదు. సెలవుదినమున ఒకమారు అచ్చటికి పోయి, చేతులు కట్టుకొని, నోరు తెఱవక, గంటసేపు వేలమును చూడుడు. ఎవరు కొనుచున్నారు, ఎవరు అమ్ముచున్నారు, ఎవరి ముఖము వాడుచున్నది, ఏల వాడుచున్నదని గమనింపుడు. పిదప ఇంటికి వచ్చి, మీరు ఏమి చేయగలరో ఆలోచింపుడు. చిన్నదిగా మొదలిడుడు, సత్యముగా నడపుడు, లెక్క వ్రాయుడు, పుస్తకము మాత్రము మూయకుడు. బిల్లు చదువలేని వర్తకుడును, అంగడి నెఱుగని పండితుడును ఒంటికాలితో నడచువారే. మీరు రెండు కాళ్లతోను నడువవలెనని మా కోరిక.

మీలో నెవరైనను ఈ యేడు ఇట్టి ప్రయత్నము చేసినచో, లాభము వచ్చినను నష్టము వచ్చినను, ఆ లెక్కపుస్తకమును మాయొద్దకు తెండు. మొదట దానిని చూచెదము. దానితోపాటు మీ మార్కుల పత్రమునుగూడ తప్పక చూచెదము.